ఒక కణం పొడవు

తొమ్మిదో తరగతి. గట్టు మండలం. సెప్టెంబరు.
నలభై ఆరు పేర్లు పిలిస్తే
పందొమ్మిది గొంతులు పలికాయి.
మిగతావి సీడుపత్తి చేలల్లో ఉన్నాయి.
పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది,
బడి గంట కోసం ఆగదు.

బోర్డు మీద రాశాను:
కణం. నిర్మాణం. విధి.
ఎర్ర రక్తకణం సంగతి చెప్పాను,
ప్రాణవాయువు మూటకు చోటు చాలక
తన కేంద్రకాన్నే బయట పారేసిన హమాలీ అని.
వేరు మీది నూగు కణం గురించి చెప్పాను,
ఎర్రమట్టి రేణువుల సందున
ఒంటి వేలు దూర్చి తడి వెతుకుతుందని.
చెప్తూ చెప్తూ నాకే ఆవులింత వచ్చింది.

మధ్యాహ్నం అన్నం గంటకు వచ్చింది జమ్ములమ్మ,
బోయ వీరేశు బిడ్డ.
చెవి వెనక పుప్పొడి.
చేతి గోళ్లన్నీ కురచ,
కుడి బొటనవేలిది మాత్రం పొడుగు.
"అదొక్కటే పెంచినవెందుకే?"
"మొగ్గ గిల్లనీకి సార్.
సాయంత్రం పూట గోరు చుట్టు తిప్పి
రేకులు, మొగపూత ఒక్క గుంజుడుకే తీస్తం.
నడిమి కాడకు దెబ్బ తగలొద్దు.
తెల్లారి వేరే పువ్వు తెచ్చి దానికి రుద్దుతం.
కాడ విరిగిందా, ఆర్గనైజరు పైసలు కోస్తడు."

నేను పాఠ్యపుస్తకం మూశాను.

బీరువాలో పోయినేటి పత్తికాయ ఉంది.
గింజకు అంటిన ఒక్క పోగు లాగి
స్కేలు పక్కన పరిచాను. అంగుళం దాటింది.
"ఇందులో ఎన్ని కణాలు?"
"వెయ్యి" అంది ఒకామె. "లచ్చ" అన్నాడు ఇంకొకడు.
ఒక్కటి.
ఒకే ఒక్క కణం.
మీ ఒంట్లో ఏ రక్తకణమూ కంటికి కనబడదు,
దీన్ని మీరు రోజూ దిండులో కుక్కుతారు.

మైక్రోస్కోపుకు అద్దం పగిలితే
గడ్డం గీసుకునే అద్దం ముక్క అతికించాం.
దాంట్లోంచి వచ్చిన వెలుగులో
పిండి ఆరేసిన కొంగులా
మెలికలు తిరిగి కనబడింది.

పువ్వు విచ్చిన రోజే
గింజ తోలు మీద కొన్ని కణాలు ఉబ్బుతాయి,
మూడింటికో నాలుగింటికో ఒకటి.
ఇరవై రోజులు సాగడమే పని.
తర్వాత లోపలి నుంచి తన గోడకే
రోజుకో పూత పూసుకుంటుంది,
తనకే చోటు లేనంతగా.
కాయ పగిలిననాడు తడారి చచ్చిపోతుంది.
అప్పుడు పడుతుంది ఆ మెలిక.
మెలిక ఉంది కాబట్టే పోగు పోగును పట్టుకుంటుంది,
గద్వాల మగ్గం మీద నిలుస్తుంది.

జమ్ములమ్మ కన్ను తీయలేదు లెన్సు మీంచి.
"పక్కపక్కనే పుట్టినయి గద సార్.
ఇది గింత సాగె, అది తోలు లెక్కనే ఉండె.
దీనికెవరు చెప్పిన్రు?"
అన్నిట్లో ఒకే పుస్తకముంటుంది,
తెరిచే పుటలు వేరు, అన్నాను.
"తెరిచేదెవరు?"
కొంత తెలుసు, అంతా నాకు తెలీదు, అన్నాను.
"సాగినదాన్ని మళ్ల మామూలుగ చేయొస్తదా?"

నాకు ఆర్గనైజరు మాట గుర్తొచ్చింది,
బడిబాట నాడు టీ తాగుతూ అన్నాడు:
"చిన్న చేతులైతే కాడ నలగదు సారూ.
చెట్టు నడుముదాకా వస్తది,
పిల్లలకైతే ఒంగే పనే లేదు."
ఎంత శాస్త్రీయంగా చెప్పాడు!
నిర్మాణం విధికి తగినట్టుండును.
నేను పొద్దున బోర్డు మీద రాసిన మాటే.
తెలుగులో విధికి రెండర్థాలని
పక్క గదిలో తెలుగు సారు చెప్తాడు,
నేనెప్పుడూ ఒక్క అర్థానికే మార్కులేశాను.

డస్టరు తీసుకుని తుడిచాను.
మొదటి రెండు మాటలు పోయాయి.
మూడోది తెల్లటి మరకగా మిగిలింది.

తను స్కేలు తీసుకుని గోరు కొలుచుకుంటోంది.
"తొమ్మిది మిల్లీమీటర్లు. ఇది గూడ సచ్చిన కణాలేనా సార్?"
"అవును."
"గందుకే నొప్పి లేదు" అంది.
బ్లేడు కావాలా అని అడుగుదామనుకున్నాను.
అడగలేదు. సాయంత్రం మొగ్గలున్నాయి,
వాళ్లమ్మ ముందే అడ్వాన్సు తీసుకుంది.

పోగును నోటుబుక్కు కాగితంలో చుట్టుకుని
నాలుగు కాకముందే చేను దారి పట్టింది.

హాజరు పట్టీలో సగం రోజుకు గుర్తు లేదు.
నిలువు గీత సగం దాకా గీసి
పెన్ను ఎత్తి
కాసేపు అట్లాగే కూర్చున్నాను.